పేరు మిగిలిన చెరువులు

హైదరాబాదు నగరమున మాసాబ్‌టాంక్ అను పేట కలదు. టాంకు మాత్రము లేదు. కుతుబ్‌షాహీల కాలమున రాజకుటుంబమునకు చెందిన ఒక మహిళను ప్రజలు గౌరవముతో 'మాసాహెబా' అని పిలిచెడివారు. ఆమె పేరిట వెలసిన చెరువు మాసాహెబా తాలాబు. కాలక్రమమున తాలాబు టాంకైనది, మాసాహెబా మాసాబైనది, తుదకు నీరు నేలయైనది. నేడచ్చట ఉద్యానవనము, వంతెన, రహదారి, మేడలు కలవు. ప్రతిదినము వేలకొలది జనులు ఆ పేరు పలికి బస్సు ఎక్కుచున్నారు, దిగుచున్నారు. తాము పలుకునది ఒక చెరువు పేరని వారిలో ఎందరికి తోచును?

నల్లకుంటలో కుంట కనబడదు. పాతనగరమున తలాబ్‌కట్ట యను పేట ఉన్నది. తలాబు గాని, దాని కట్ట గాని నేడు చూచువారికి గోచరింపవు. ఊరి పేర్లు మనుష్యుల జ్ఞాపకముకంటె దీర్ఘాయువు కలవి. శాసనము అరిగిపోయినను, దస్త్రమును చెదలు తినినను, పేరు నిలుచును. భాషాశాస్త్రజ్ఞులు స్థలనామములను చరిత్రకు ఆధారములుగా గ్రహించుటకు కారణ మిదియే. ఒక పేట పేరిలో కుంట యనియో, చెరువనియో, మడుగనియో, కట్ట యనియో ఉన్నచో, ఒకప్పుడు అచ్చట నీరు నిలిచెడిదని ఆ పేరు సాక్ష్యము చెప్పుచున్నది. ఆ సాక్ష్యమును వినక ఇల్లు కట్టుకొన్నవారికి వానకాలమున నీరే వచ్చి ఆ సంగతి తెలుపును.

సప్తసంతానములలో ఒకటి

తెలుగువారి పూర్వులు చెరువును సంతానముగా భావించిరి. కుమారుడు, కృతి, దేవాలయము, వనము, అగ్రహారము, నిధి, తటాకము అను ఏడును సప్తసంతానములు. ఈ భావన తెలుగు విద్యార్థులకు క్రొత్తది కాదు. ప్రబంధముల అవతారికలను చదివినవారెల్లరు దీనిని ఎరుగుదురు. పుణ్యమును ఆశించి చెప్పిన మాటయే యైనను ఇందు లోకజ్ఞానము కూడ కలదు. బిడ్డను కనుటతో తల్లిదండ్రుల పని తీరదు, ఏటేట సాకవలెను. చెరువును త్రవ్వించుట ఒక తరము చేయగల పని. దానిని నిలుపుట పది తరములు చేయవలసిన పని.

ఈ విద్య ఎంత శాస్త్రీయముగా నుండెనో చెప్పుటకు కడప జిల్లాలోని పోరుమామిళ్ల శాసనము చాలును. విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, అచ్చట గొప్ప చెరువును కట్టించి 1369లో సంస్కృత శాసనమును వేయించెను. మంచి చెరువునకు పండ్రెండు అంగము లుండవలెననియు, ఆరు దోషములు తగవనియు అందు వ్రాయబడినది. వేయిమంది పనివారు, రాతిపనికి నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము ఆ నిర్మాణమునకు పట్టినవి. గట్టి మట్టినేల, దిట్టమైన కట్ట, విశాలమై లోతైన గర్భము మున్నగునవి అంగములలో చేరినవి. కట్టనుండి నీరు ఊరుట, ఉప్పునేల, రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట దోషములు. ఆ పండ్రెండింటిలో మొదటిది ధర్మపరుడైన పాలకుడు. చివరిది నేర్పరులైన పనివారు. నడుమనున్న మట్టి, రాయి, నీరు అన్నియు ఆ ఇరువురిపై ఆధారపడినట్లు ఆ వరుస తోపించును. నేటి నగరమునకును ఈ క్రమము తప్పుగాదు.

గొలుసుకట్టు

దక్కను పీఠభూమి రాతినేల. వాననీరు ఇచ్చట ఇసుకనేలయందువలె సులభముగ లోనికి ఇంకదు. ఏడాది పొడవున పడవలసిన వాన చాలవరకు నాలుగైదు నెలలలోనే కురిసి తీరును. నేల మిట్టపల్లములు గలది. ఈ మూడు విషయములను గమనించిన పూర్వులు వాననీటిని ఒక్కచోట బంధింపక మెట్టుమెట్టుగా ఆపిరి. ఎగువ చెరువు నిండిన పిమ్మట మిగులునీరు అలుగుమీదుగ దొరలి కాలువలో పడును. ఆ కాలువ దిగువ చెరువును నింపును. అదియు నిండినచో దాని అలుగునుండి మరియొక చెరువునకు నీరు సాగును. తెలంగాణమున ఈ అలుగునే మత్తడి యందురు. ఇట్లు ఒకదానితో నొకటి ముడివడినవి కావున వీనికి గొలుసుకట్టు చెరువులని పేరు. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల చెరువులు ప్రసిద్ధములు. కాని ఊరూర పేరు ప్రతిష్ఠలు లేని చిన్న కుంటలే ఈ గొలుసులోని పెక్కు లంకెలు.

ప్రతి అవయవమునకు ఒక పేరు, ప్రతి పేరునకు ఒక పని ఉండెడిది. పొలమునకు నీరు విడుచుటకు తూము. తూమును తెరచి మూయుటకు, కట్టను కాచుటకు నీరటి యను గ్రామసేవకుడు. నీరు తగ్గినప్పుడు బయలుపడు నేల శిఖము. వేసవిలో పూడిక తీసి, ఆ ఒండ్రును రైతులు పొలములకు తోలుకొనెడివారు. దానివలన చెరువునకు లోతు, చేనునకు సత్తువ కలిగెడిది. చెరువులో నిలిచిన నీరు మెల్లగ ఇంకి చుట్టుపట్ల బావులలో ఊటయై తేలెడిది. వాన ఉరవడిని అణచి, వరదను కరవునకు దాచిపెట్టుటయే ఈ ఏర్పాటులోని సారము. ఈ మాటలలో ఎన్ని నేటి పట్టణపు బాలురకు తెలియును? మాట మరచుటకు ముందు పని ఆగినది. పని ఆగిన పిమ్మట వస్తువు మాయమైనది.

నీటిపై నిలిచిన నగరము

హైదరాబాదు పుట్టుటకు పూర్వమే దాని నీరు పుట్టినది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనమున, 1562 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్‌సాగరము నిర్మింపబడెను. దానికి మూసీనుండి బల్కాపూర్ కాలువద్వారా నీరు తెచ్చిరి. అటుపిమ్మట దాదాపు మూడు దశాబ్దములకు, 1591లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ దక్షిణపు ఒడ్డున చార్మినారు నడుమ నుండునట్లు నగరమును నెలకొల్పెను. 1930 ప్రాంతము వరకు హుస్సేన్‌సాగరపు నీరు జనులు త్రాగిరి.

నేడు బల్కాపూర్ పేరు వినినంతనే జనులకు స్ఫురించునది నాలా. కూకట్‌పల్లి, పికెట్, బంజారా నాలాలతో పాటు అదియు మురుగును మోసి సాగరమునకు చేర్చినది. నాలా యనగా మొదట కాలువ యనియే అర్థము. మంచి అర్థము గల పదము కాలక్రమమున చెడ్డ అర్థమును పొందుటను భాషాశాస్త్రమున అర్థగ్రామ్యత యందురు. ఈ పదము విషయమున ఆ దోషము భాషది కాదు. జనులు నీటిని ఎట్లు చూచిరో పదము అట్లే మారినది. త్రాగునీటి కాలువలో మురుగు కలిసిన తరువాత నిఘంటువు ఏమి చేయగలదు?

1908 నేర్పిన పాఠము

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. ఉర్దూ రుబాయీ కవిగా ప్రసిద్ధి గాంచిన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కడే బ్రతికెను. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును నేటికిని జనులు కృతజ్ఞతతో చూపుదురు.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము ఆహ్వానింపగా మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో వచ్చి వరదకు కారణములను పరిశోధించెను. నగరమునకు ఎగువన మూసీ పరీవాహ ప్రాంతమున 788 చెరువులున్నట్లు ఆయన లెక్కించెను. అనగా దాదాపు చదరపు మైలునకొక చెరువు. ఆ వానకు వానిలో 221 చెరువుల కట్టలు తెగెను. ఒక చెరువు తెగి దిగువ చెరువుపై పడగా అదియు తెగెను. దాచిన నీరంతయు ఒక్కుమ్మడిగ నగరముపై విరుచుకొనిపడెను.

చెరువులను పొగడువారు ఈ సంగతిని మరువరాదు. చెరువున్నంత మాత్రమున ఊరికి రక్ష కలుగదు. పాలన లేని చెరువు పగవానివంటిది. కట్ట బలముగ నుండవలెను. అలుగు వరదను విడువగలిగినంత వెడల్పు కావలెను. కాలువ తెరపియై యుండవలెను. గొలుసులో ప్రతి లంకెయు గట్టిదైననే గొలుసు నిలుచును. విశ్వేశ్వరయ్య చెరువులను చెరిపివేయుమని చెప్పలేదు. నదులపై, నగరమునకు ఎగువన, వరదను పట్టి మెల్లగ విడువగల పెద్ద జలాశయములు కట్టవలెనని సూచించెను. ఆ సూచన ఫలితముగ మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను సిద్ధించెను. వరదను ఆపుటకు కట్టిన ఆ రెండు జలాశయములే నగరమునకు త్రాగునీటి నిధులైనవి. గండిపేట నీరు పల్లమును అనుసరించి కాలువలో తానై నడచి ఆసిఫ్‌నగరపు శుద్ధికేంద్రమునకు చేరెడిది. పొయ్యి, యంత్రము, విద్యుత్తు ఏవియు దానికి అక్కరలేదు.

దూరపు నీరు

నగరము పెరిగినది. 1960 దశకమున మంజీర నీరు, పిమ్మట సింగూరు నీరు వచ్చెను. 2004లో కృష్ణ, 2015లో గోదావరి నగరమునకు చేరినవి. నేడు జనసంఖ్య కోటికి మించినదని అంచనా. ఇంతమందికి ఆ నదుల నీరు తప్పనిసరి. దానిని తెచ్చిన ఇంజనీర్ల నేర్పును తక్కువ చేయరాదు. కాని ఆ నీటి వెల ఎట్టిదో విద్యార్థి తెలిసికొనవలెను. నాగార్జునసాగర జలాశయపు పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగుల ఎత్తు. హైదరాబాదు దాదాపు 1,700 అడుగులపైన ఉన్నది. నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి, వేయి అడుగులకు మించిన ఎత్తునకు, ప్రతి బిందెడు నీటిని విద్యుత్తుతో ఎత్తవలెను. పైగా అది పొలములకును, ఇతర పట్టణములకును పంచవలసిన నదినీరు. ఇంత శ్రమతో తెచ్చిన నీటితో వాకిలి కడుగుచు, తన ఇంటికప్పుపై ఉచితముగ పడిన వానను మోరీలో విడుచుట ఎట్టి పొదుపు?

గండిపేట జంట జలాశయములను కాపాడుటకు 1996లో ప్రభుత్వము 111 సంఖ్య గల ఉత్తరువును జారీచేసినది. జలాశయముల పూర్తి నీటిమట్టమునుండి 10 కిలోమీటర్ల లోపల కాలుష్యము కలిగించు పరిశ్రమలు, పెద్ద కట్టడములు కూడవని దాని సారము. 84 గ్రామములు దాని పరిధిలోనికి వచ్చినవి. ఆ గ్రామములవారు తమ భూములకు విలువ రాలేదని చిరకాలము మొరపెట్టుకొనిరి. 2022లో ఆ కట్టడలను తొలగించుచు 69 సంఖ్య గల ఉత్తరువు వెలువడినది. నగరమునకు నీరు, గ్రామీణునకు న్యాయము అను రెండింటిని తూచుట సులభము కాదు. అయినను ఒకటి నిశ్చయము. జలాశయమునకు నీరు ఆకాశమునుండి నేరుగ రాదు. చుట్టునున్న నేలమీదుగ వచ్చును. నేల చెడిన పిమ్మట జలాశయము చెడక నిలువదు.

చెరువు చచ్చు విధము

చెరువును ఎవరును ఒక్కదినమున చంపరు. మొదట దానికి నీరు తెచ్చు కాలువపై ఒక రహదారి పడును. అడుగున చిన్న గొట్టము పెట్టుదురు. గొట్టము పూడును. నీరు తగ్గి శిఖము బయలుపడును. కూలగొట్టిన ఇండ్ల మట్టి, ఇటుకముక్కలు రాత్రివేళ లారీలలో వచ్చి ఒడ్డున చేరును. ఒడ్డు ముందునకు జరుగును. హద్దురాళ్లు మొలచును. ఒక రేకుల కప్పు, ఒక విద్యుత్ దీపము, ఒక వీధిపేరు వరుసగ వచ్చును. నీరున్న చెరువుల గతి మరియొక విధము: మురుగు చేరి, గుర్రపుడెక్క అల్లుకొని, దుర్గంధము పుట్టి, 'ఇది చెరువా?' యని జనులే దానిని పూడ్చుమని కోరు స్థితి ఏర్పడును.

ఆ హద్దురాళ్ల నడుమ స్థలము కొన్నవారిలో పెక్కురు బీదలు, చిరుద్యోగులు. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము పెట్టి, వేసవిలో ఎండిన నేలను చూచి కొనిరి. అమ్మినవాడు కాగితము చూపెను, చెరువును చూపలేదు. 2020 అక్టోబరు 13 నాటి కుంభవృష్టికి పల్లెచెరువు, అప్పచెరువు, కొన్ని దినములకు గుర్రంచెరువు తెగినవి. కాలనీలు నీట మునిగినవి, ప్రాణములు పోయినవి, పిల్లల పుస్తకములు, ధాన్యము, పెండ్లికై దాచిన బట్టలు బురదపాలైనవి. నీరు క్రొత్త త్రోవ త్రొక్కలేదు. తన పాతత్రోవనే నడచినది. 1908లో నది ఊరిమీదికి వచ్చెను. 2020 నాటికి ఊరే నీటి ఇంటిలోనికి పోయియుండెను. ఈ భేదమును గ్రహింపక వానను నిందించుట అవివేకము. అట్లే, మోసపోయిన బీదవానిని ఒక్కనినే దోషిగా నిలుపుటయు అన్యాయము. చెరువు హద్దును ముందుగ గుర్తించి, రాళ్లు పాతి, అందరికి తెలియజెప్పినచో సగము దుఃఖము తప్పెడిది. జలము, భూమి, వృక్షముల రక్షణకు 2002లో చట్టము చేయబడినది. చట్టము పుస్తకమున నిలిచి, హద్దు నేలపై నిలువకున్నచో ప్రయోజనమేమి?

తిరిగి ఉబికిన ఊట

నిరాశకు మాత్రము తావు లేదు. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో పాతకాలపు మెట్లబావి ఒకటి చెత్తతో పూడియుండెను. పూడిక తీసి, మెట్లను బాగుచేసి, 2022 డిసెంబరులో దానిని తిరిగి తెరచిరి. అంబరుపేటలోని బతుకమ్మకుంట పేరు మాత్రము మిగిలిన కుంటలలో ఒకటిగ నుండెను. దానిపై మట్టి పోసి చదును చేసియుండిరి. 2025లో అచ్చట త్రవ్వగా కొన్ని అడుగుల లోతుననే నీరు ఉబికెను. ఏ గొట్టమో పగిలినదని తొలుత కొందరు సందేహించిరి. అది భూమిలోని ఊటయే యని పిదప తేలెను. ఆ సంవత్సరమే కుంట నీటితో నిండి, బతుకమ్మ పండుగనాడు పూలు అందుకొన్నది. గునుగు, తంగేడు, బంతి పూలను పేర్చి నీటిలో విడుచుట ఆ పండుగ ఆచారము. పూలు చెరువును చేరవలెనన్న చెరువుండవలెను గదా! ఊరి ఆచారమును ఊరి నీటితో ముడివేసిన పెద్దల బుద్ధి ఎంత దూరము చూచినదో ఆ కుంట తెలుపుచున్నది. నేల తన నీటిని మరువలేదు. మరచినవారు మనుష్యులు.

బడి చేయగల పని

పెద్ద పనులు ప్రభుత్వమువి. కాని బడి చేయగల పనులు కొన్ని కలవు. మొదటిది లెక్క. హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడును. 100 చదరపు మీటర్ల ఇంటికప్పుపై పడు వాన 80 ఘనపు మీటర్లు, అనగా 80,000 లీటర్లు. ఆవిరియై, చిందిపోయినది నాలుగవ వంతు తీసివేసినను 60,000 లీటర్లు మిగులును. నగరవాసి ఒకనికి దినమునకు 135 లీటర్లు కావలెనని ప్రభుత్వ ప్రమాణము. ఆ చొప్పున నలుగురు గల కుటుంబమునకు ఆ నీరు నూరు దినములకు మించి వచ్చును. ఈ లెక్కను ఏడవ తరగతి బాలుడు నల్లబల్లపై వేయగలడు. వేసిన పిమ్మట తన బడి మిద్దెను కొలిచి, ఆ నీరెటు పోవుచున్నదో చూచి రాగలడు. ఆ నీటిని గొట్టముతో దింపి, కంకర, ఇసుక నింపిన ఇంకుడుగుంతలోనికి విడిచినచో బోరుబావులకు ఊపిరి వచ్చును.

రెండవది పేర్ల సేకరణ. ప్రతి పట్టణమునను, ప్రతి పేటలోను డెబ్బది, ఎనుబది ఏండ్ల వృద్ధులు కలరు. 'ఇక్కడ చెరువెక్కడ ఉండేది తాతా? అలుగు ఎటువైపు పారేది అవ్వా?' అని విద్యార్థి పోయి అడిగినచో వారు కళ్లు మూసికొని త్రోవ చెప్పగలరు. ఆ మాటలను వ్రాసికొని, పాత పటములతో సరిచూచి, గోడపై ఒక పటము గీసినచో అది తెలుగు పాఠము, చరిత్ర పాఠము, భూగోళ పాఠము, పౌరధర్మ పాఠము నగును. అలుగు, తూము, మత్తడి, శిఖము, నీరటి యను మాటలు మరల బాలుర నోట వినబడును. మాట బ్రతికిన వస్తువును గూర్చి అడుగువాడు పుట్టును. అడుగువాడున్నచోట రాత్రివేళ మట్టి లారీ నిర్భయముగ రాజాలదు.

ఈ పని హైదరాబాదునకే పరిమితము కాదు. తెలుగునేలపై చెరువు లేని పాత ఊరు అరుదు. ఒక్కొక్క ఊరును పట్టణమగుచున్నది. ఒక్కొక్క పట్టణమును తన చెరువును మైదానముగ చూచుకొనుచున్నది. ఆ తొందరలో ఒక్క క్షణము ఆగి తమ పేట పేరును తామే నెమ్మదిగ చదివికొన్నచో చాలును. అందు నీరు వినబడునేమో! వినబడినచో, మిగిలిన చెరువులకైనను పేరుతోపాటు నీరును మిగుల్చుట ఈ తరము చేయవలసిన పని. సప్తసంతానములను లెక్కించిన జాతి, వానిలో ఒకదానిని తన కన్నులయెదుటనే పోగొట్టుకొనుట తగదు.